అడవిపందుల కోసం కొన్న సోలార్ కంచె: ఒక పంటకాలం వాడాక నా మాట

మైలవరం దాటాక కొండ వారన మా ఆవిడ తరఫు మూడెకరాల మెట్ట ఉంది. బోరు ఉంది కాబట్టి రబీలో మొక్కజొన్న వేస్తాం. నిరుడు కండె పాలు పోసుకునే రోజుల్లో నాలుగంటే నాలుగు రాత్రుల్లో ఎకరం పైగా నేలమట్టం చేశాయి అడవిపందులు. తిన్నది పిసరంత, తొక్కింది చేనంత. తెల్లారేసరికి మా బావమరిది ఫోన్ చేసి, "బావగారూ, 33 ఏళ్లు ఫారెస్టులో చేశారు గదా, ఒక్క తుపాకీకి పర్మిషన్ ఇప్పించలేరా?" అన్నాడు. గొంతు పూడుకుపోయి ఉంది వాడిది. ఆ ప్రశ్నకి జవాబుగా మేం కొన్నదే ఈ సోలార్ కంచె. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఫోన్లు చేసి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. అందుకే కొన్న దగ్గర్నుంచి కోత దాకా జరిగిందంతా ఒకచోట రాస్తున్నాను.

నేను గార్డుగా చేరి డిప్యూటీ రేంజ్ ఆఫీసరుగా రిటైరయ్యాను. సగం సర్వీసు మాచర్ల వైపు నల్లమలలో, చివరి తొమ్మిదేళ్లు కొండపల్లి అడవిలో. ఎండాకాలం ముందు మంటలు పాకకుండా ఫైర్ లైన్లు కొట్టించడం, ట్యాంకరుతో తొట్లకి నీళ్లు పట్టించడం, సరిహద్దు వెంట ఉచ్చులు ఏరుతూ నడవడం, ఇదీ నా ఉద్యోగం. పందిని కాపాడిన చేతుల్తోనే పందిని ఆపే కంచె కట్టాను. రెండూ ఒకే పని అని నా నమ్మకం.

కొట్టు సంగతి ముందు. విజయవాడ గవర్నర్‌పేటలో, ఏలూరు రోడ్డు మీంచి లోపలికి తిరిగే సందులో ఉంది. మోటార్లు, స్టార్టర్లు, సోలార్ సామాన్లు అమ్ముతారు. కొట్టాయన నన్ను కూర్చోబెట్టి ముందు పొలం చుట్టుకొలత అడిగాడు, తర్వాత అడవి ఎటుపక్కని, ఆ తర్వాత ఏ జంతువని. మేం మాట్లాడుతుండగానే గంపలగూడెం వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు, "ఈ బ్యాటరీ, ప్లేటు అవీ వద్దండీ, స్తంభం మీది కరెంటే తీగకి ఇచ్చేలా ఏదన్నా డబ్బా ఉందా?" అన్నాడు. కొట్టాయన లేచి నిలబడి, "ఆ పని నా దగ్గర జరగదు తమ్ముడూ. ఇంకో కొట్లో జరిగినా చేయించుకోకు. మనుషులు పోతారు" అని గట్టిగా చెప్పాడు. కుర్రాడు ఏమీ కొనకుండా వెళ్లిపోయాడు. బేరం పోయినా ఆ మాట చెప్పినందుకే నేను అక్కడ కొన్నాను.

ఝట్కా మిషన్ అంటారు జనం, దాని అసలు పేరు ఎనర్జైజర్. మిషను, 12 వోల్టుల 26 ఏహెచ్ బ్యాటరీ, 40 వాట్ల సోలార్ ప్లేటు కలిపి 15,500 రూపాయలు. 14 గేజి జీఐ తీగ 48 కిలోలు, కిలో 90 చొప్పున 4,320. తీగ కర్రని తాకకుండా పట్టుకునే ఇన్సులేటర్లు 420, ఒక్కోటి 6 రూపాయలు. సరుగుడు కర్రలు మాత్రం ఊళ్లోనే తీసుకున్నాం, 105 కర్రలు 60 చొప్పున. కూలీకి 4,000. అన్నీ కలిపి 32,640 అయింది. మిషనుకి ఏడాది వారంటీ, బ్యాటరీకి విడిగా కార్డు. పెట్టె మీద ఐఎస్‌ఐ గుర్తు చూసి తీసుకోండి. అది లేని మిషను సగం ధరకొస్తుంది. అందులో దెబ్బ ఎంత సేపు ఉంటుందో చెప్పే నాథుడు లేడు.

ఆ "ఎంత సేపు" అన్నదే ప్రాణం. మంచి మిషను తీగలోకి సెకనుకొకసారి ఒక దెబ్బ వదులుతుంది. వోల్టేజి ఏడెనిమిది వేలు ఉంటుంది గానీ, ఆ దెబ్బ సెకనులో నూరో వంతు కూడా ఉండదు. దెబ్బకీ దెబ్బకీ మధ్య తీగ ఖాళీ. ఆ ఖాళీలో చెయ్యి వెనక్కి వస్తుంది, జంతువు పరిగెడుతుంది. ఇంటి కరెంటు 230 వోల్టులే అయినా ఆగకుండా పారుతుంది. కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్న చెయ్యి తీగని వదల్లేదు. ఎనిమిది వేలు ప్రాణం తియ్యకుండా, 230 ప్రాణం తీసేది అందుకే. కంచె గురించి వేరే ఏదీ గుర్తుండకపోయినా ఇది గుర్తుంటే చాలు.

డిసెంబరు నెలాఖరులో కట్టాం. పొలం చుట్టూ 440 మీటర్లు, 14 అడుగులకో కర్ర, నాలుగు వరసల తీగ. కింది తీగ నేలకి ఎనిమిది అంగుళాల్లో ఉండాలి. కొట్టు నుంచి వచ్చిన కుర్రాళ్లు అడుగున్నర ఎత్తులో మొదలుపెట్టబోయారు. పశువులకైతే సరిపోతుంది. పంది తల వంచి, ముట్టెతో తవ్వుతూ వచ్చే జీవి. దానికి మొదటి తీగ ఎనిమిది, తర్వాత పదహారు, ఇరవయ్యారు, ముప్పయ్యెనిమిది అంగుళాలు పెట్టించాను. ఆ కుర్రాళ్లు నేను చెప్పింది విసుక్కోకుండా విన్నారు, రెండు మూలల కర్రలు ఊడదీసి మళ్లీ పాతారు కూడా. పని శుభ్రంగా చేశారు. మూలల్లో సరుగుడు వంగుతుందని పాత రాతి స్తంభాలు నిలబెట్టాం. పసుపురంగు హెచ్చరిక బోర్డులు కిట్టులో రెండే ఇచ్చారు. నాలుగు పక్కలా దారులున్న పొలానికి రెండేం సరిపోతాయి? ఇంకో పది నేనే రాయించాను, తెలుగులో, బొమ్మతో సహా. చదువు రాని పశువుల కాపరికి పుర్రె బొమ్మే బోర్డు.

అయిదో రాత్రి పందులు లోపలికొచ్చాయి.

పొద్దున్నే వెళ్లి చూస్తే తూర్పు వైపు కింది తీగ కింద నుంచి దూరాయి. మెత్తటి మట్టిలో అడుగు స్పష్టంగా పడింది. ముందు రెండు గిట్టలు, వెనక పక్కగా రెండు చిన్న గుంటలు. మేక అడుగుకి ఆ వెనక గుంటలు పడవు, చూడటం అలవాటయితే పొరపాటు పడరు. కింది తీగకి బిరుసు వెంట్రుకలు నాలుగు చిక్కుకుని ఉన్నాయి. అంటే తీగ తగిలింది, దెబ్బ తగల్లేదు. మిషను దగ్గర, తీగలో వోల్టేజి కొలిచే టెస్టరు పెడితే 7.8 చూపించింది, అంటే 7,800 వోల్టులు. నడుచుకుంటూ వెళ్లి తూర్పు మూలలో పెడితే 2.3. పంది ఆగాలంటే అయిదు వేలు దాటాలి. మా బావమరిది కంచెని తన్నినంత పని చేశాడు. "డబ్బులు కొండకి పెట్టాం బావగారూ" అన్నాడు.

లోపం మిషనులో లేదు, నేలలో ఉంది. తీగలోని దెబ్బ జంతువు ఒంట్లోంచి నేలలోకి దిగి, నేల లోపల్నుంచి ప్రయాణం చేసి మిషను పక్కన పాతిన ఎర్త్ రాడ్డు పట్టుకుని తిరిగి రావాలి. అప్పుడే చుట్టు పూర్తయి దెబ్బ తగులుతుంది. మాది కొండ వార గరప నేల. పైన జానెడు తడి, కింద రాళ్లు. జనవరికల్లా బీటలు. కొట్టువాళ్లు కిట్టులో ఇచ్చింది మూడడుగుల రాడ్డు ఒక్కటి. నల్లరేగడికి అది చాలునేమో, గరపకి చాలదు. నా ఫిర్యాదు మొత్తం ఇక్కడే. పొలం చుట్టుకొలత అడిగిన మనిషి నేల ఎలాంటిదో అడగలేదు. అడిగుంటే ఆ రాత్రి పందుల పాలైన ఒక మూల పంట మిగిలేది.

ఫోన్ చేశాను. వాళ్ల కుర్రాడు మర్నాడే విజయవాడ నుంచి బండి మీద వచ్చాడు, అది మాత్రం మెచ్చుకోవాలి. ఆరడుగుల రాడ్లు ఇంకో రెండు తెప్పించాను, 900 తీసుకున్నారు. మొదటి పొట్టి రాడ్డు పీకేసి నా దగ్గరున్న పాత ఇనప బోరు పైపు ముక్క ఆరడుగులది కోసి వేశాం. మూడూ బోరు కాలవ గట్టున, ఒక్కోదానికీ పదడుగుల ఎడం. గుంటలో బొగ్గు, రాళ్లుప్పు పొరలు పొరలుగా పోసి, కాలవ నీళ్లు రోజూ తడిపేలా చిన్న గండి పెట్టాం. తర్వాత కంచె చుట్టూ నడిచాం. పదకొండు ఇన్సులేటర్లు చిట్లి ఉన్నాయి, మేకు గట్టిగా కొట్టడం వల్ల. వాటికి డబ్బు తీసుకోకుండా మార్చారు. ఉత్తరం పక్క గరిక, తుంగ పెరిగి కింది తీగని తాకుతున్నాయి. రాత్రి మంచు పడితే ఆ గడ్డి ప్రతి పోచా ఒక చిన్న ఎర్త్ రాడ్డే, దెబ్బంతా అది తాగేస్తుంది. గడ్డి కోయించాక తూర్పు మూలలో టెస్టరు 6.4 చూపించింది.

ఇంకో పని నేను నా అనుభవంతో చేశాను, కొట్టువాళ్లు చెప్పలేదు. పంది ఒంటి మీద బిరుసు వెంట్రుకలు, వాటి మీద బురద ఎండిన పెంకు. వీపుతోనో పక్కతోనో తీగని రాసుకుంటే సగం దెబ్బ కూడా లోపలికి పోదు. ముట్టె ఒక్కటే దానికి నున్నగా, తడిగా ఉండే చోటు. కాబట్టి మొదటిసారి ముట్టెతోనే తాకాలి. సిగరెట్టు పెట్టెల్లోని వెండి కాగితం ముక్కలకి తవుడు, బెల్లం ముద్ద పూసి, రెండో తీగకి ఇరవై అడుగులకొకటి చుట్టాను. వాసనకి అదే వచ్చి మూతి పెడుతుంది.

ఆ రాత్రి మంచె మీద కూర్చున్నాం, నేనూ మా బావమరిదీ. టార్చి ఆపేశాం, ఫోన్లు సంచిలో పెట్టాం. పందికి చూపు ఆనదు గానీ ముక్కూ చెవీ మనిషి కంటే ఎన్నో రెట్లు. రాత్రిపూట గాలి కొండ మీంచి కిందికి దిగుతుంది, అది మాకు కలిసొచ్చింది, మా వాసన వాటి వైపు పోదు. మిషను టిక్, టిక్ అంటోంది, గోడ గడియారంలా. పదకొండున్నర దాటాక వాగు వైపు ఎండాకు నలిగింది. తర్వాత ముక్కుతో గట్టిగా వదిలిన ఊపిరి. ముందు తల్లి వచ్చింది. దాని వెనక పిల్లలు ఆరు, ఒంటి మీది చారలు ఇంకా పూర్తిగా మాయలేదు. తల్లి కంచెకి పది గజాల్లో ఆగి, ముట్టె ఎత్తి గాలిని అటూ ఇటూ కోసింది. పిల్లలు కదల్లేదు. నల్లమలలో ఎన్నో మందల్ని చూశాను, అయినా ఆ నిశ్శబ్దం నాకు ప్రతిసారీ కొత్తే. ఒక నిమిషం అయ్యాక తల్లి నెమ్మదిగా నడిచి వెండి కాగితం దగ్గరికొచ్చింది. మెడ చాచింది. ముట్టె తగలడం, మిషను టిక్కుమనడం ఒకేసారి అయ్యాయి. ఒక్క అరుపు, గొంతులో విరిగినట్టు. గాల్లోనే వెనక్కి తిరిగింది. పిల్లలన్నీ దాని వెంట వాగులోకి దిగిపోయాయి. రాళ్లు దొర్లిన చప్పుడు, ఆపైన మళ్లీ టిక్, టిక్.

మా బావమరిది చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "చావలేదు గదా బావగారూ" అన్నాడు. తుపాకీ అడిగిన మనిషే. ఆ మాట విని నాకు కడుపు నిండింది.

మర్నాటి నుంచి అడుగులు చూస్తే తెలుస్తోంది. మంద వస్తోంది, కంచెకి మూడడుగుల దూరంలో పొడుగునా నడుస్తోంది, మూల దాకా వెళ్లి తిరిగి కొండెక్కుతోంది. వాగు వైపు దారి మేం మూయలేదు. నీళ్లకి వచ్చే దారి మూస్తే ఏ కంచె అయినా తెంచుతుంది, అది గుర్తుపెట్టుకోండి. రిజర్వు ఫారెస్టు హద్దు రాయి దాటి ఒక్క కర్ర కూడా పాతకండి.

పక్క పొలంలో మేకలు మేపుకునే అమ్మాయి మొదటి వారం అటు రావడమే మానేసింది. "బాబాయ్, మా పిల్లలు తాకితే ఏంగాను?" అని ఏడుపు మొహం పెట్టింది. ఆమెని పిలిచి, ఆమె కళ్లెదుటే నా వేలు తీగకి పెట్టాను. చెయ్యి విసిరికొట్టినట్టయింది, మోచేతి దాకా జివ్వుమంది, అంతే. తర్వాత మిషను స్విచ్చి ఎక్కడుందో, ఎలా ఆపాలో చూపించాను. పగలు తొమ్మిది నుంచి అయిదు దాకా ఆపే ఉంచుతామని చెప్పి ఆ మాట నిలబెట్టుకున్నాం. చుట్టుపక్కల వాళ్లకి స్విచ్చి చూపించని కంచె కట్టినా ఒకటే, కట్టకపోయినా ఒకటే. గుండె జబ్బున్నవాళ్లు మాత్రం వేలు పెట్టి చూడొద్దు.

ఇప్పుడు తుపాకీ సంగతి. ఫోన్ చేసేవాళ్లలో పదిమందికి ఎనిమిదిమంది అడిగేది ఇదే కాబట్టి వివరంగా రాస్తాను. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నాటిది. అందులో 9వ సెక్షను వేటని నిషేధించింది. వేట అంటే కాల్చడమే అనుకుంటారు. చట్టంలో ఉచ్చు పెట్టడం, ఎర వెయ్యడం, తరమడం, గాయపరచడం, ఆ ప్రయత్నం చెయ్యడం కూడా వేటే. ఏ జంతువుకి ఎంత రక్షణో చెప్పే పట్టికల్ని చట్టంలో షెడ్యూళ్లంటారు. అడవిపంది మొదట మూడో షెడ్యూలులో ఉండేది. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక షెడ్యూళ్లు ఆరు నుంచి నాలుగయ్యాయి, పంది రెండో షెడ్యూలులోకి వచ్చింది. సాధారణ నేరాలకి జరిమానా పరిమితి 25,000 నుంచి లక్షకి పెరిగింది, మూడేళ్ల దాకా జైలు ఎలాగూ ఉంది.

మరి పంట పోతుంటే దారి లేదా అంటే, ఉంది. 11వ సెక్షనులో ఉంది. మనిషి ప్రాణానికి గానీ, ఆస్తికి గానీ ప్రమాదమైన జంతువుని చంపడానికి చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ కారణాలు రాసి, రాతపూర్వకంగా ఆర్డరు ఇవ్వొచ్చు. నిలబడ్డ పంట కూడా ఆస్తిలోకే వస్తుందని ఆ సెక్షనే చెబుతోంది. అర్జీ రేంజి ఆఫీసులో ఇవ్వాలి, నష్టం ఫోటోలు, సర్వే నంబరుతో. మా ఫారెస్టువాళ్లు వచ్చి చూసి పంచనామా రాస్తారు. ఆర్డరు వచ్చినా కాల్చేది ఎవరుబడితే వాళ్లు కాదు, ఆ కాగితంలో పేరున్న మనిషి. చచ్చిన పంది ప్రభుత్వ ఆస్తి. వండుకున్నా, పక్కింటికి పంచినా కొత్త కేసు. ఇక "పందిని చీడ జంతువుగా ప్రకటించారు, కొట్టొచ్చు" అని ఫోన్లలో తిరిగే మెసేజి నమ్మకండి. అలా ప్రకటించే అధికారం 62వ సెక్షను కింద కేంద్రానిది. 2015 డిసెంబరులో బీహారుకి, 2016 ఫిబ్రవరిలో ఉత్తరాఖండుకి కొన్ని జిల్లాల వరకు, కొంత కాలానికి ఇచ్చారు. ఆ మెసేజిలు ఆనాటివే, ఊరి పేరు చెరిపేసి తిప్పుతున్నారు.

పంట కాపలాకి తుపాకీ లైసెన్సు విషయం వేరు. ఆయుధాల చట్టంలో మూతి వైపు నుంచి మందు కూరే తుపాకీని పంట రక్షణకి ఇవ్వొచ్చని ఉంది. మా చిన్నప్పుడు ఆ లైసెన్సులున్న రైతుల్ని చూశాను. లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు రాదు, అది తుపాకీ ఉంచుకోవడానికి ఇచ్చిన కాగితం మాత్రమే. గాల్లోకి పేల్చి బెదిరించడానికే వాడేవాళ్లు వాళ్లు. ఎన్నికలొస్తే స్టేషనులో జమ చెయ్యమంటారు. లైసెన్సు లేని నాటు తుపాకీ అంటారా, నేను పట్టుకున్నవాటిలో రెండు పేల్చిన మనిషి చేతిలోనే పగిలినవి. ఒకాయనకి కుడి చేతి మూడు వేళ్లు లేవు.

కరెంటు తీగ గురించి ఇంకొక్క మాట రాయకుండా ఉండలేను. పల్నాడు వైపు పనిచేసేటప్పుడు ఒక తెల్లవారుజామున చేను దగ్గర అడవిపంది చచ్చిపడుందని కబురొస్తే వెళ్లాను. పంది ఉంది. దానికి అయిదు గజాల అవతల పందొమ్మిదేళ్ల కుర్రాడు కూడా ఉన్నాడు, మోటారు వెయ్యడానికి వచ్చాడట. చేతిలో బీడీ కట్ట. మోకాలి ఎత్తులో ఇనప తీగ, కొస స్తంభం మీద కొక్కెం. ఆ తీగ కట్టింది ఆ కుర్రాడి సొంత బాబాయే. ఆయన గట్టు మీద కూర్చుని తన రెండు అరచేతులూ చూసుకుంటూ ఉన్నాడు, ఎవరు పిలిచినా పలకలేదు. పంది పంచనామా నేను రాశాను, పిల్లవాడిది పోలీసులు రాశారు. ఒకే చెట్టు కింద, ఒకే కుర్చీ మార్చుకుంటూ. కరెంటు దొంగతనం, వన్యప్రాణి కేసు, మనిషి చావు కేసు, మూడూ ఒక్క తీగ మీదే పడ్డాయి. గవర్నర్‌పేట కొట్లో ఆ కుర్రాడు స్తంభం కరెంటు అడిగినప్పుడు నా కళ్ల ముందుకొచ్చింది ఆ గట్టే.

నెమళ్ల గురించి కూడా అడుగుతున్నారు. ఈ కంచె నెమలికి పనికిరాదు, పైనుంచి దిగుతుంది. నెమలి మొదటి షెడ్యూలు, దాన్ని చంపితే మూడేళ్లకి తగ్గని జైలు. పురుగుమందు కలిపిన గింజలు చల్లేవాళ్లున్నారు. ఆ గింజ తిన్న నెమలితో పాటు కోడి పోతుంది, దాన్ని పీక్కుతిన్న కుక్క పోతుంది. మొలక దశలో మెరిసే రిబ్బను కట్టి, పొద్దున్న రెండు గంటలు మనిషి తిరిగితే సరిపోయింది మాకు. అదే సందులో ఆటసామాన్ల కొట్లో ఎయిర్ గన్లు వేలాడుతుంటాయి. చిన్నవాటికి లైసెన్సు అక్కర్లేదు, నిజమే. పిట్టని కొడితే మాత్రం అది వేటే. గుంటూరు పక్క ఉప్పలపాడు చెరువుల్లో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి మధ్య గూళ్లు పెట్టుకుని బతుకుతున్నాయంటే ఆ ఊరివాళ్లు కాపు కాయబట్టే.

ఎలకలకి ఏ అనుమతీ అక్కర్లేదు. అయినా నేను మందు పెట్టించను. మందు తిన్న ఎలకని గుడ్లగూబ తింటుంది, ఆ గుడ్లగూబే రోజూ ఎలకల్ని పట్టేది. ఇద్దరు యానాదుల్ని పిలిపిస్తే, బొరియ మూతి దగ్గర మట్టి తాజాదా పాతదా చూసి, కుండ పొగ పెట్టి ఒక్క పూటలో గట్లన్నీ తేల్చేశారు. వాళ్ల చూపు ముందు నా సర్వీసు చిన్నదే.

మళ్లీ కంచెలోకి వస్తే, జనవరిలో మూడు రోజులు ముసురు పట్టింది. మూడో రాత్రికి బ్యాటరీ దిగిపోయి మిషను ఎర్రలైటు చూపింది. 26 ఏహెచ్ బదులు ఇంకొంచెం పెద్దది తీసుకుంటే మంచిది, ధర తేడా రెండు వేల లోపే. ఆ రాత్రి ట్రాక్టరు బ్యాటరీ తెచ్చి తగిలించాం. ప్లేటు మీద దుమ్ము వారానికోసారి తుడవాలి, రోడ్డు పక్క పొలమైతే రెండుసార్లు. తీగ కింద గడ్డి పదిహేను రోజులకోసారి కొయ్యాలి, కలుపుమందు కొడితే కర్రలకి చెద పట్టే ఎండుగడ్డి మిగులుతుంది, కొడవలే మేలు. మిషను పెట్టెకి తాళం ఇచ్చారు గానీ రేకు పల్చన, గెడ మొదటి నెలలోనే వంగింది. టెస్టరు కిట్టులో ఇవ్వరు, 650 పెట్టి విడిగా కొనాలి. అది లేకుండా కంచె కట్టడం థర్మామీటరు లేని ఆస్పత్రి లాంటిది. నేను రోజూ సాయంత్రం చుట్టూ నడిచి నాలుగు మూలల్లో చూసి నోటు పుస్తకంలో రాశాను, నాకు బీటు తిరగడం అలవాటే. రోజూ పావుగంట నడిచే మనిషి లేని పొలానికి ఈ కంచె దండగ, కొనకండి.

నిరుడు మూడెకరాల మీద 70 క్వింటాళ్లు కూడా దాటలేదు. ఈ మార్చిలో 104 తూగింది, అది కూడా మొదట్లో పోయిన మూల పోగా. పెట్టిన డబ్బు ఒక్క పంటకే వచ్చేసింది. మిషనుకి అయిదుకి నాలుగున్నర ఇస్తాను. కొట్టుకి నాలుగు. కొట్టుకి ఒకటి తగ్గించింది ఎర్త్ రాడ్డు గురించి ముందే చెప్పనందుకు.

పోయినవారం మా బావమరిది తన కౌలు పొలానికి ఇంకో కిట్టు తెచ్చుకుంటానంటే కొట్టాయనకి నేనే ఫోన్ చేశాను. నేను నోరు విప్పకముందే, "నేల ఎలాంటిదండీ?" అని అడిగాడు. గరపే అని చెప్పాను. నిన్న సామాను దిగింది. ఆరడుగుల రాడ్లు మూడూ ఆటోలో పైకి కనబడుతూ వచ్చాయి.